రేవు ముంగిట నిలిచిన ఓడ

రేవు అంటే ఓడలు ఆగే చోటు మాత్రమే కాదు. అది దేశానికి వాకిలి. వాకిట నిలిచిన అతిథిని పలకరించే తీరులో ఇంటివారి సంస్కారం తెలుస్తుంది. అదే విధంగా, ఓడ దిగివచ్చే మనిషికి విధించే నియమంలో ఆ రేవును ఏలే ప్రభుత్వ స్వభావం వ్యక్తమవుతుంది. ఈ సత్యాన్ని మన పూర్వులు ఎరుగుదురు. చీరాలకు చేరువనున్న మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును అంతకుముందు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ దుర్నీతిని మాన్పించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. ఆ నియమం వచ్చినవారికి అభయంగా నిలిచింది.

ఆ శాసనం వెలసిన ఆరు శతాబ్దాల తరువాత హిందూ మహాసముద్రంలో ఓడల రాకపోకలు మరొక రూపం దాల్చాయి. సరకులతోపాటు మనుషులు కూడా వేలసంఖ్యలో తరలిపోసాగారు. బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వ నిర్మూలన చట్టాన్ని ఆమోదించిన పిదప వలస దేశాలలోని చెరకు తోటల యజమానులకు పనివారు కరవయ్యారు. ఆ లోటు తీర్చడానికి భారతీయులను నిర్ణీత కాలపు ఒప్పందంపై ఓడలలో తరలించారు. 1834 నుండి 1920 వరకు మారిషస్‌కు దాదాపు ఐదు లక్షలమంది, 1860 నుండి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు లక్షా యాభైరెండు వేలమంది, 1879 నుండి 1916 వరకు ఫిజీ దీవులకు సుమారు అరవై వేలమంది ఈ విధంగా చేరుకున్నారు. వీరిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరుమీదుగానే మారిషస్‌లో తెలుగువారికి ‘కోరంగీలు’ అనే వ్యవహారం ఏర్పడింది. నేటాల్‌కు మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుండి బయలుదేరి, 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. తరువాతి కాలంలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి ఎందరో అదే దారి పట్టారు. ఫిజీకి 1903 నుండి మద్రాసు ఓడలు నడిచాయి.

ఇన్ని వారాల ప్రయాణం ముగిసి తీరం కనబడిన క్షణం ప్రయాణికులకు ఎంత ఆనందదాయకమో మనం ఊహించవచ్చు. అయితే తీరం కనబడినంత మాత్రాన దిగడానికి వీలులేదు. ఆనాటి వలస రేవులలో ప్రయాణికుల ఓడ పాటించవలసిన క్రమం ఒకటి ఉండేది. రేవు వెలుపలనే లంగరు దించి, స్తంభంపై పసుపుపచ్చని జెండా ఎగురవేయాలి. ‘ఈ ఓడకు వైద్యపరీక్ష ఇంకా పూర్తి కాలేదు, ఎవరూ దీనిని సమీపించరాదు’ అని దాని అర్థం. రేవు ఆరోగ్యాధికారి పడవలో వచ్చి నౌకాధిపతిని ప్రశ్నిస్తాడు. ఏ రేవు నుండి బయలుదేరారు? ఆ ఊరిలో అంటురోగం ఉన్నదా? దారిలో ఎందరు జబ్బుపడ్డారు, ఎందరు మరణించారు? బయలుదేరిన రేవు అధికారులు ఇచ్చిన ఆరోగ్యపత్రాన్ని పరిశీలించి, ప్రయాణికుల ఆరోగ్యస్థితిని విచారించి, అంతా సవ్యంగా ఉన్నదని తేలితే రేవు ప్రవేశానికి అనుమతి ఇస్తాడు. అప్పుడు పసుపు జెండా దిగుతుంది. అనుమానం కలిగితే మాత్రం ఓడకు ‘క్వారంటైన్’ విధిస్తాడు.

2020 నాటి కరోనా తరువాత ఈ మాట ఇంటింటా వినబడింది. దాని పుట్టుక మాత్రం చాలా పాతది. ఇటలీ భాషలో ‘క్వారంటా’ అంటే నలభై. ఐరోపాను ప్లేగు మహమ్మారి పీడించిన రోజులలో, 1377లో, ఏడ్రియాటిక్ సముద్రతీరాన ఉన్న రగూసా నగరం రోగపీడిత ప్రాంతాల నుండి వచ్చేవారిని ముప్పై రోజులు ఊరి వెలుపల ఉంచాలని శాసించింది. క్రమంగా ఆ గడువు నలభై రోజులుగా స్థిరపడి, ఆ సంఖ్యయే నియమానికి పేరయింది. రోగకారకమైన సూక్ష్మజీవి ఏదో తెలియని కాలంలో మానవుడు అనుభవంతో కనిపెట్టిన ఉపాయమిది.

వైద్యపరీక్ష ముగిసిన తరువాత ఒప్పంద కూలీలకు మరొక ఘట్టం మిగిలి ఉండేది. వలసదారుల సంరక్షకాధికారి కార్యాలయం ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య కేటాయించేది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు చిట్టాకు ఎక్కేవి. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో 1849లో నెలకొల్పిన వలస కార్యాలయ సముదాయమే నేడు ‘ఆప్రవాసీ ఘాట్’గా ప్రసిద్ధమై, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరింది. తెలుగు ఎరుగని గుమాస్తాలు తమ చెవికి సోకినట్లు రాసుకోవడం వల్ల మన ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఎన్నో రూపుమారాయి. అయినా తమ పూర్వుల జాడ వెతికే నేటి తరంవారికి ఆ చిట్టాలే ఆధారాలయ్యాయి.

ఇంతకూ ఓడను రేవు ముంగిట నిలిపివేయడం న్యాయమా, అన్యాయమా? తొందరపడి తీర్పు చెప్పలేని ప్రశ్న ఇది. ఒకే నియమం నాలుగు సందర్భాలలో నాలుగు విధాలైన ఫలితాలనిచ్చింది. వాటిని వరుసగా పరిశీలిద్దాం.

మొదటిది నియమాన్ని పాటించని సందర్భం. ఫిజీ దీవులు 1874 అక్టోబరులో బ్రిటిష్ పాలన కిందికి వచ్చాయి. ఆ దీవుల ప్రధాన నాయకుడైన థకొంబౌ ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరాన్ని సందర్శించి, ‘డైడో’ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో 1875 జనవరిలో స్వదేశానికి తిరిగివచ్చాడు. సిడ్నీలో ఆయనకు తట్టు సోకింది. తిరుగు ప్రయాణంలో ఆయన కుమారునికీ ఆ వ్యాధి వచ్చింది. అయినా ఓడపై పసుపు జెండా ఎగరలేదు. ప్రయాణికులను నిలిపినవారు లేరు. నాయకుడిని చూడడానికి దీవులన్నింటి నుండి తరలివచ్చిన పెద్దలు వ్యాధిని వెంటబెట్టుకొని తమ తమ గ్రామాలకు మరలిపోయారు. ఫిజీ ప్రజలకు అంతవరకు ఆ రోగంతో పరిచయం లేదు. అందువల్ల దానిని తట్టుకొనే శక్తి వారి శరీరాలకు లేకపోయింది. కొద్ది నెలల వ్యవధిలో సుమారు నలభై వేలమంది, అంటే జనాభాలో నాలుగోవంతుకు పైగా, మరణించారని అంచనా. ఒక ఓడను కొన్ని రోజులు నిలిపి ఉంటే ఈ ఘోరం తప్పిపోయేది.

రెండవది అదే ఫిజీలో నాలుగేళ్ల తరువాత జరిగింది. భారతీయ ఒప్పంద కూలీలతో కలకత్తా నుండి బయలుదేరిన మొదటి ఓడ ‘లియొనిడాస్’ 1879 మే 14న లెవూకా రేవు చేరింది. దారిలోనే అందులో కలరా, మశూచి ప్రబలాయి. 1875 నాటి విషాదం ఇంకా కళ్లముందు మెదులుతున్నందున అధికారులు ఈసారి ఏమరలేదు. నాలుగువందల అరవైమందికి పైగా ఉన్న ప్రయాణికులను ప్రధాన దీవిలోకి రానివ్వక, సమీపంలోని యనుదా లైలై అనే చిన్న దీవిలో గుడిసెలు వేసి దాదాపు మూడు నెలలు ఉంచారు. ఆ దీవిలోనూ కొందరు మృత్యువాత పడ్డారు. అయితే వ్యాధి ఫిజీ ప్రజలకు పాకలేదు. ఇల్లు విడిచి వేలమైళ్లు వచ్చిన ఆ కూలీలకు ఈ నిర్బంధం కష్టమే; కాని దాని వెనుక నిజమైన కారణం ఉంది, అది నెరవేరింది కూడా.

మూడవ సందర్భం మారిషస్‌కు సంబంధించినది. అక్కడ 1854లో కలరా వేలమందిని బలిగొన్నది. ఆ భయం తీరకమునుపే, 1856 జనవరిలో, కలకత్తా నుండి వచ్చిన ‘హైదరీ’, ‘ఫతే ముబారక్’ అనే రెండు ఓడలలో కలరా కనిపించింది. ఓడలను నిలపడంలో తప్పులేదు. కాని నిలిపినవారిని కాపాడే ఏర్పాటు ఏదీ జరగలేదు. దాదాపు ఏడువందలమంది ప్రయాణికులను ప్రధాన భూమికి ఉత్తరాన ఉన్న గాబ్రియేల్ దీవిలో దించివేశారు. అది వానలు, తుఫానులు ముమ్మరించే కాలం. ఆ దీవిలో తగిన నీడ లేదు. చాలినంత ఆహారం, వైద్య సహాయం లేవు. ఫలితంగా రెండువందల యాభైమందికి పైగా ప్రాణాలు విడిచారు. ఈ వార్త విని భారత ప్రభుత్వం మారిషస్‌కు కూలీలను పంపడం కొంతకాలం నిలిపివేసింది. తగిన వసతులు కల్పిస్తేనే వలసలను తిరిగి అనుమతిస్తామని పట్టుబట్టింది. అప్పుడు గాని ఆ వలస ప్రభుత్వం పొరుగుననే ఉన్న ఫ్లాట్ దీవిలో సరియైన క్వారంటైన్ కేంద్రాన్ని నెలకొల్పడానికి పూనుకోలేదు. లియొనిడాస్ ప్రయాణికులకు వేసిన గుడిసెలైనా గాబ్రియేల్ దీవిలో దిగినవారికి లేకపోయాయి. ఒడ్డున ఉన్నవారి ప్రాణాలకు విలువకట్టిన అధికారులు ఓడలో ఉన్నవారి ప్రాణాలను లెక్కించలేదు.

ఈ మూడు సందర్భాలలోనూ రోగం ఉన్నమాట వాస్తవం. రోగమే లేని ఓడలను నిలిపివేసిన నాలుగవ సందర్భం డర్బన్ రేవులో సంభవించింది. దీనికి కేంద్రబిందువు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. అప్పటికి ఆయన వయస్సు ఇరవైయేడు సంవత్సరాలు, నేటాల్‌లో న్యాయవాది. ఆయన 1896లో స్వదేశానికి వచ్చి, దక్షిణాఫ్రికాలోని భారతీయుల కష్టాలను వివరిస్తూ చిన్న పుస్తకం ప్రచురించాడు. బొంబాయి, మద్రాసు మొదలైన నగరాలలో ఉపన్యసించాడు. ఆ పుస్తకంలోని విషయాలు క్లుప్తీకరించిన వార్తగా, అసలుకంటే తీవ్రమైన రూపంలో నేటాల్ పత్రికలకెక్కాయి. అక్కడి ఐరోపావాసులు ఆగ్రహోదగ్రులయ్యారు. ఇంతలో గాంధీ భార్య కస్తూరిబాయితోను, పిల్లలతోను ‘కోర్లాండ్’ అనే ఓడలో బొంబాయి నుండి బయలుదేరాడు. ఇంచుమించు అదే సమయంలో ‘నాదరీ’ అనే మరొక ఓడ కూడా అక్కడి నుండే డర్బన్‌కు బయలుదేరింది. ఈ రెండింటిలో కలిసి సుమారు ఆరువందలమంది భారతీయులున్నారు. వారిలో పలువురు అంతకుముందే దక్షిణాఫ్రికాలో నివాసమేర్పరచుకొన్నవారు.

రెండు ఓడలూ 1896 డిసెంబరు 18న డర్బన్ రేవు వెలుపల లంగరు దించాయి. బొంబాయిలో ఆ సెప్టెంబరు నుండి ప్లేగు వ్యాపిస్తున్న మాట నిజమే. బయలుదేరిన నాటి నుండి ఇరవైమూడు రోజులు గడిచేవరకు ఓడలను నిలపాలని ఆరోగ్యాధికారి నిర్ణయించాడు. ఆ లెక్కన మిగిలినవి ఐదు రోజులే. ఓడలలో ఒక్కరికైనా ప్లేగు లేదు. ఈ మాత్రపు జాగ్రత్తను ఎవరూ తప్పుపట్టలేరు. అయితే తరువాత జరిగిన పరిణామాలు గమనింపదగినవి. ప్రభుత్వం ఆ ఆరోగ్యాధికారిని తప్పించి, మరొకరిని నియమించింది. ఐదు రోజుల గడువు తీరిన తరువాత కొత్త అధికారి ఓడలను పొగపెట్టి శుద్ధి చేయాలని, పాత గుడ్డలను, పరుపులను తగులబెట్టాలని, అటుపై మరో పన్నెండు రోజులు ఆగాలని ఆదేశించాడు. ఆ గడువూ తీరింది. అయినా అనుమతి రాలేదు. తీరం కళ్లెదుట కనబడుతుండగా స్త్రీలు, పసిపిల్లలు సహా అందరూ అలలపై ఊగే ఓడలలోనే కాలం గడిపారు.

ఇదే కాలంలో డర్బన్ పురమందిరంలో జనవరి నెలలో బహిరంగ సభలు జరిగాయి. ప్రయాణికులందరినీ వచ్చిన దారినే పంపివేయాలని, అందుకయ్యే ఖర్చును ప్రభుత్వంతోపాటు భరించడానికి తామూ సిద్ధమేనని వక్తలు ప్రకటించారు. సభలలో వినిపించిన కోరిక ప్లేగును ఆపాలన్నది కాదు, భారతీయులను ఆపాలన్నది. ప్రభుత్వంలో ప్రముఖుడైన హ్యారీ ఎస్కోంబ్ ఈ ఆందోళనకారులకు సానుభూతిపరుడు. వైద్యుని చేతిలో ఉండవలసిన నియమం రాజకీయుల చేతికి చిక్కిందనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు. మరొక విశేషమేమంటే, అదే 1896లో బ్రిటన్ తన స్వదేశపు రేవులకు వర్తించే పాత క్వారంటైన్ చట్టాన్ని రద్దుచేసింది. వైద్యపరీక్ష జరిపి రోగులను మాత్రమే వేరుచేసే పద్ధతిని అక్కడ స్థిరపరచుకొన్నది.

ఎట్టకేలకు 1897 జనవరి 11న అనుమతి లభించింది. 13న ఓడలు రేవులోనికి ప్రవేశించే సమయానికి వేలమంది ఐరోపావాసులు ఒడ్డున గుమిగూడారు. తగిన చట్టం తెస్తామని ఎస్కోంబ్ స్వయంగా హామీ ఇచ్చి వారిని శాంతింపజేశాడు. ప్రయాణికులు క్షేమంగా దిగారు. సాయంకాలం గాంధీ తన న్యాయవాది మిత్రుడు లాటన్‌తో కలిసి నడిచివెళుతుండగా గుంపు గుర్తుపట్టి రాళ్లతో, పిడికిళ్లతో దాడి చేసింది. పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండర్ భార్య తన గొడుగు అడ్డుపెట్టి నిలవకపోతే ఆయన ప్రాణాలు దక్కడమే కష్టమయ్యేది. దాడిచేసినవారిపై చర్య తీసుకోవాలని లండన్ నుండి వలస మంత్రి చాంబర్లేన్ సూచించినా, అభియోగం మోపడానికి గాంధీ అంగీకరించలేదు. ప్రజలను తప్పుదారి పట్టించిన పెద్దలదే అసలు బాధ్యత అని ఆయన అభిప్రాయం.

ఎస్కోంబ్ ఇచ్చిన మాట ఆ సంవత్సరమే చట్టరూపం దాల్చింది. క్వారంటైన్ చట్టాన్ని సవరించి, అంటురోగ పీడితమని ప్రకటించిన రేవు నుండి వచ్చిన ఓడను ప్రయాణికులను దింపకుండానే వెనుకకు పంపే అధికారాన్ని ప్రభుత్వం పొందింది. వలస నియంత్రణ చట్టం పేరిట మరొక శాసనం వెలువడింది. కొత్తగా వచ్చేవారు ఏదైనా ఒక ఐరోపా భాషలో దరఖాస్తు రాయగలిగితేనే ప్రవేశం అని అది నిర్దేశించింది. చట్టంలో ఎక్కడా జాతి పేరు గాని, దేశం పేరు గాని లేదు. తెలుగులో పండితుడైనా, సంస్కృతంలో ఉద్దండుడైనా ఆ చట్టం దృష్టిలో నిరక్షరాస్యుడే! చెరకు తోటలలో పనిచేయవలసిన ఒప్పంద కూలీలకు మాత్రం మినహాయింపు లభించింది. శ్రమించే చేతులు కావాలి, సమానంగా నిలిచే పౌరుడు వద్దు అన్న ఆంతర్యం ఇందులో స్పష్టం. 1901లో ఆస్ట్రేలియా కూడా ఇటువంటి భాషాపరీక్షనే తన చట్టంలో చేర్చింది. అంతవరకు రోగం పేరు చెప్పి నిలిపినవారు ఇక భాష పేరు చెప్పి నిలపగలిగారు.

ఈ నాలుగు సందర్భాలను సరిపోల్చితే ఒక విషయం తేటతెల్లమవుతుంది. క్వారంటైన్ స్వతస్సిద్ధంగా చెడ్డది కాదు. అది లేకపోవడం వల్ల ఫిజీలో వేలమంది మరణించారు. అది ఉండడం వల్ల అదే ఫిజీ మరొకమారు రక్షణ పొందింది. మారిషస్‌లో కారణం సరియైనదే గాని, కరుణ కొరవడింది. డర్బన్‌లో కారణమే సాకుగా మారింది. కాబట్టి ఏ నియమాన్నయినా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. అది చెప్పే కారణం నిజమైనదేనా? ఆ కారణం తీరిన వెంటనే నియమం తొలగిపోతున్నదా? దానివల్ల నిర్బంధానికి గురైనవారి యోగక్షేమాలను నిర్బంధించినవారు వహిస్తున్నారా? ఈ మూడింటికీ అవునని జవాబు రానప్పుడు ఆ నియమం ప్రజారక్షణ పేరుతో సాగే పీడన మాత్రమే.

చరిత్ర ఈ పాఠాన్ని కొంతవరకు నేర్చుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఆమోదించగా 2007 నుండి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ప్రయాణికుల గౌరవానికి, మానవ హక్కులకు భంగం కలగరాదని స్పష్టం చేశాయి. క్వారంటైన్‌లో ఉంచినవారికి ఆహారం, నీరు, వసతి, వైద్యం సమకూర్చాలని నిర్దేశించాయి. గాబ్రియేల్ దీవిలో లోపించినవి ఇవే కదా! అయినా ఈ సమస్య పూర్తిగా సమసిపోలేదు. 2020 ఫిబ్రవరిలో జపానులోని యొకొహామా రేవులో ‘డైమండ్ ప్రిన్సెస్’ అనే విహార నౌకను కరోనా కారణంగా నిలిపివేశారు. అందులోని 3,711 మందిలో 712 మందికి ఆ వ్యాధి సోకినట్లు తేలింది. ఓడలో ఉన్నవారి మేలు, ఒడ్డున ఉన్నవారి మేలు రెండింటినీ ఏకకాలంలో కాపాడడం ఎలా అన్న పాత ప్రశ్న మళ్లీ ప్రపంచం ముందు నిలిచింది.

నియమం అక్షరాలలో ఉంటుంది. న్యాయం దానిని అమలుపరిచే మనిషిలో ఉండాలి. మోటుపల్లిలో శాసనం వేయించిన రాజుకూ, డర్బన్‌లో చట్టం చేసిన మంత్రికీ ఉన్న తేడా అదే. ఒకరు సముద్రం దాటి వచ్చినవానికి అభయమిచ్చారు. మరొకరు అతనిని చూసి తాము భయపడి, ఆ భయానికే చట్టమని పేరు పెట్టారు.